ళ గడి

తంగసాల వీధి ప్రెస్సులో
మా వరదయ్య పెదనాన్నకి
సీసపు ళ-లు పద్దెనిమిదే ఉండేవి.
వేళ, మేళం, తాళం, గోళం...
ఏ పేజీ ఊరుకుంటుంది పద్దెనిమిదితో?

అందుకని ఒక పేజీ తడి ఆరకముందే
ఫారం విప్పేసి
కిరసనాయిలు గుడ్డతో తుడిచి
ఒక్కో ళ-ని దాని గడిలోకి విసిరేవాడు.
టిక్కు. టిక్కు.
ఓనరు ఎప్పుడు తొంగిచూసినా గడి నిండుగానే ఉండేది.
"కొత్త అక్షరాలెందుకయ్యా, ఉన్నాయిగా" అనేవాడు.

ఇప్పుడు నేను తరమణిలో ఒక ల్యాబులో
ఎలుక మెదడు ముక్కల్ని మంచు మీద పెట్టి
డోపమిన్ కొలుస్తాను.
ఎంత ఉందో చెప్పడం
చేరిన మొదటి వారమే వచ్చేసింది.
ఎంత వేగంగా ఖర్చై మళ్ళీ పుడుతోందో
అది వేరే లెక్క.
తయారీని మందుతో ఆపాలి.
ఆపి, గడియారం ముందేసుకుని కూర్చోవాలి.
సగం తరిగేసరికి ఎంతసేపైందో రాసుకోవాలి.
మా పెరంబూరు సందులో కూడా
నీళ్ళ లారీ రాని రోజునే కదా
ఏ ఇంటికి ఎన్ని బిందెల దాహమో బయటపడేది.

పోయిన ఆడి నెలలో
పెదనాన్న బొటనవేలూ చూపుడువేలూ
ఒళ్ళో ఏమీ లేకుండానే
ఏదో ఏరడం మొదలుపెట్టాయి.

"ఇది ఇప్పుడు మొదలైంది కాదు" అంది డాక్టరు.
"సగానికి పైగా కణాలు ఎప్పుడో పోయాయి.
మిగిలినవి డబుల్ డ్యూటీ చేస్తూ వచ్చాయి ఇన్నాళ్ళూ."

నేను తలూపాను.
నా నోటుబుక్కులో ఉన్నదే.
కణాలు తగ్గిన ఎలుకలు, పెరిగిన వేగం,
నా చేతిరాతతోనే, ఎర్ర గీతల మధ్య.
అయినా రెండేళ్ళ కిందట పెళ్ళిలో
ఆయన సాంబారు వడ్డిస్తుంటే
గరిటె తొణకలేదు కదా అనుకున్నాను.
ఓనరులాగే
గడి చూసి వెళ్ళిపోయాను.

ఆదివారం పొద్దున
వారానికి సరిపడా మాత్రలు
ఆయనే సర్దుకుంటాడు, ఎవర్నీ ముట్టనివ్వడు.
ప్లాస్టిక్ డబ్బా, ఇరవై ఎనిమిది గడులు.
టిక్కు.
మంగళవారం మధ్యాహ్నంది జారి
మంచం కిందికి దొర్లిపోయింది.

"అలివేలూ, టైమెంతే?"
పొద్దుటి మాత్ర వేసి మూడుగంటల నలభై నిమిషాలు.
వేళ్ళు మళ్ళీ మొదలయ్యాయి.
పెన్ను చేతికందేంత దూరంలోనే ఉంది.
రాసుకోలేదు.
చీపురు పుల్లతో
మంచం కింద వెతుకుతున్నాను.