పారాణి

రాత్రంతా కురిసింది రామతీర్థం మీద.
తెల్లారకముందే ల్యాబు షట్టరు దబదబా.
చెంచురామయ్య. లుంగీ మోకాళ్ళ పైకి,
చేతిలో కూల్‌డ్రింకు సీసా, సీసా నిండా చెరువు.
"చూడమ్మే, రొయ్య అంచుకొచ్చి తలెత్తతా ఉండాది."

మూత తీస్తే బురద, పాచి, కొంచెం ఉరుము వాసన.
గాజు గొట్టంలో ఐదు మిల్లీలీటర్లు,
మందు నాలుగు చుక్కలు.
ఆకుపచ్చగా నిలవాల్సిన నీళ్ళు
పసుపు వైపు జారాయి.
రంగుల అట్ట పక్కన పెట్టి కళ్ళు చికిలించాను:
ఆరున్నర.
వాన పులుపు ఎక్కింది చెరువుకి.

"సున్నం చల్లు. ఎకరాకి ఒక్క బస్తా.
మించిందా, అడుగునున్న అమ్మోనియా లేచి
పులుపు చెయ్యని పని అది చేస్తుంది."
తలూపాడు. జేబులోంచి గుండెమంట బిళ్ళ తీసి
సుద్దముక్కలా కొరికాడు.
చెరువుకీ ఆయనకీ ఒకటే వైద్యం ఆ పూట.
మేతకొట్టు బాకీకి మాత్రం
నా దగ్గర అట్ట లేదు.

పదిగంటలకి గట్టు మీద నేనూ ఉన్నాను.
మస్తానమ్మ చెంగు ముక్కుకి చుట్టి
గాలివాటం చూసుకుని చాటతో చల్లతా ఉంది.
పొడి నీళ్ళ మీద
విరిగిన పాలలా ఒక నిమిషం తేలి, మునిగింది.
ఏ చప్పుడూ లేదు.
లోపలెక్కడో పులుపుకి పళ్ళూడుతున్నాయి,
సున్నానికి నాలుక మొద్దుబారుతోంది.

అప్పుడు అరిచింది మస్తానమ్మ.
కుడిపాదం మడమ దాకా ఎరుపు.
రక్తమనుకుని పరిగెత్తాను.
నత్తగుల్ల కోసిన చోట
రాత్రి మెత్తిన పసుపు అది.
పసుపులో సున్నం పడితే ఏమవుతుందో
పేరంటానికి పోయిన ఏ ఆడదానికైనా తెలుసు.
నేను మూడేళ్ళు ఫీజు కట్టి నేర్చుకున్నాను.

బోరు కింద కాలు పెట్టించి
మంట చల్లారేదాకా నీళ్ళు వదిలాం.
ఎరుపు పోలేదు.
క్యారేజీ విప్పి, పుల్లమజ్జిగ
తనే పాదం మీద ఒంపుకుంది.
వేళ్ళ సందుల్లో మొదలై
ఎరుపు మెల్లగా పసుపై కూర్చుంది.

"పెళ్ళినాటి పారాణి, ముప్పై ఏళ్ళకి
మళ్ళా పెట్టింది నీ చెరువు, రామయ్యా.
కాసేపైనా ఉంచుకోకపోతినే!"
నవ్వింది. కూలి అడిగింది.
మజ్జిగ డబ్బులు కూడా అడిగింది.

సాయంత్రం మళ్ళీ అదే సీసా.
ఏడున్నర. రొయ్య కిందికి దిగిందట.
రిజిస్టరులో తేదీ, చెరువు నంబరు, అంకె.
చివర "ఇతర వివరాలు" అని ఒక గడి ఉంటుంది,
రోజూ అక్కడ గీత గీస్తాను.
ఈ రోజు రాశాను:
మజ్జిగ, ఒక గ్లాసు.