తోక తెగిన మాట

మేయో హాలు గోడవతల, నిద్రగన్నేరు నీడలో
ఇనాయతుల్లా సాబు టైపు మిషను,
దాని పక్కన నా ప్లాస్టిక్ కుర్చీ.
ఆయన కొట్టేది ఇంగ్లీషు, నేను అమ్మేది తర్జుమా.
పేజీకి నలభై రూపాయలు,
తెలుగులోంచి ఎటు కావాలంటే అటు.

ఆ రోజు నేను టీకి వెళ్ళిన పది నిమిషాల్లోనే
గంగులప్ప వచ్చాడు,
వకీలుగారి జూనియర్ రాసిచ్చిన చీటీ పట్టుకుని.
బి.కొత్తకోట మనిషి. హెణ్ణూరు వైపు
పదకొండో అంతస్తుకి సెంట్రింగ్ కొట్టేవాడు.
ఏడు వారాల కూలి ఎగ్గొట్టిన మేస్త్రీని
నలుగురిలో నిలబెట్టి అడిగాడు.
తెల్లారేసరికి
పద్నాలుగు కిలోల రాగి తీగ పోయిందని
స్టేషన్లో ఒక కాగితం పుట్టింది.

"కేసులో నువ్వెవరు?" అని సాబు అడిగితే
"నేను ముద్దాయిని సామీ" అన్నాడట.
సాబు తలాడించి
పేరు కింద టకటకా కొట్టేశాడు:
ఫిర్యాది.

నేనొచ్చి చదివి, గ్లాసు కింద పెట్టేశాను.
"ఇదేంటి సాబూ, ఇతని మీదే కదా దొంగతనం కేసు!"
"ముద్దయీ అనే కదా చెప్పాడు."
కళ్ళజోడు నుదుటికెక్కించాడాయన.
"మా ఇంట్లో ఆ మాటకి అర్థం ఒకటే,
దావా వేసినవాడు.
దావా కడుపునే పుట్టిందది.
వేయించుకున్నవాడు ముద్దా అలైహ్.
అలైహ్ అంటే, వాడి మీద అని.
మీవాళ్ళకి నోరు తిరక్క తోక కోసేశారు,
మిగిలిన తలని పట్టుకుని బోనెక్కిస్తున్నారు."

ఇరవై రెండేళ్ళుగా ఈ మాటలమ్ముకుని తింటున్నాను.
ముద్దాయి, జామీను, వకాల్తా, వాయిదా.
వాయిదా అంటే అసలు మాటివ్వడమని
ఈ సాబే చెప్పాడొకసారి.
ఆ రోజు ఇద్దరం పడీ పడీ నవ్వి
మళ్ళీ టైపులో పడ్డాం.
ఈ రోజు నాకు నవ్వు రాలేదు.

ఎక్కడ తప్పిపోయిందో ఈ మాట,
ఏ తాలూకా కచేరీ మెట్ల మీద
అడిగేవాడి చొక్కా విప్పి
అడిగించుకునేవాడికి తొడిగిందో.
గుమస్తా తొందరలో జరిగిందా,
లేక, ఎవడు అడిగినా ఆఖరికి
బోనులో తేలేది వాడేనని
మాటకి ముందే తెలిసిపోయిందా.

గంగులప్పకి ఈ చరిత్రేదీ అక్కర్లేదు.
"ముద్దాయంటే ముద్ద అడిగినోడు గదమ్మా,
మా జేజి అట్నే జెప్పేది.
నేను రాగి ముద్దకి అడిగితిని,
వాళ్ళు రాగి తీగ అనిరి."
నవ్వాడు. పైన రెండు పళ్ళు లేవు.
సెంట్రింగులో పోయాయో, స్టేషన్లో పోయాయో
నేనడగలేదు.

తప్పు తప్పే.
ఫిర్యాదికి ముందస్తు జామీనెందుకని
కౌంటర్లో కాగితం మొహాన కొడతారు.
తెల్ల సిరా చూస్తే సీసాలోనే గడ్డకట్టింది.
సాబు కొత్త కాగితం ఎక్కించి
ఈసారి ఒక్కో మాటా నన్నడిగి కొట్టాడు,
ఎందుకో చాలా నెమ్మదిగా.

గంగులప్ప రెండోదాని మీద వేలిముద్ర వేశాడు.
మొదటిది ఉండచుట్టి బుట్టలో వేయబోతుంటే
"అది గూడా ఇయ్యమ్మా" అన్నాడు.
"అది చెల్లదు."
"చెల్లకుంటే పాయ. దాంట్లో నేనెవురు?"
చెప్పాను.

కాసేపు ఊరుకున్నాడు.
రెండు కాగితాలకీ లెక్కగట్టి డబ్బులిచ్చాడు.
నలిగినదాన్ని మోకాలి మీద పెట్టుకుని
అరచేత్తో చదును చేస్తూ కూర్చున్నాడు.
వాయిదా పంతొమ్మిదికన్నాను.
తలూపాడు.