గోళ్ళు

పుంటా అరేనస్‌లో గాలికి పని లేని రోజుండదు.
పైకప్పుల రేకులు పీకుతుంది,
టోపీలు తీసి జలసంధిలోకి విసురుతుంది.
దాన్ని ఎవరూ ఏమీ అనరు.
మా ఇంట్లో మాత్రం
సోఫా చెయ్యి పీకినందుకు పిల్లికి శిక్ష.

పేరు సెనీసా. అంటే బూడిద.
పొయ్యి పక్కన ముడుచుకుంటే
ఎవరో ఎత్తడం మరిచిన గుప్పెడు బూడిదే.
నిద్రలేచి ఒళ్ళు విరుచుకుందంటే మాత్రం
మా అత్తగారిచ్చిన ఆకుపచ్చ సోఫా మీద
బర్రు బర్రున పది గోళ్ళ సంతకం.

"నీళ్ళు కొట్టు, బుద్ధొస్తుంది" అన్నాడు రేవులో మిలెంకో.
కిటికీలు తుడిచే సీసా కడిగి, నింపి,
పిస్తోలులా నడుముకి తగిలించుకున్నాను.
ఓడలకి మోకులు కట్టే మనిషిని.
నాలుగు వేల టన్నుల ఇనుము నా ముడికి ఆగుతుంది,
నాలుగు కిలోల పిల్లి ఆగదా?

ఆగింది.
వారం తిరక్కుండా సోఫా ఊపిరి పీల్చుకుంది.
మిలెంకోకి ఒక బీరు కూడా పోయించాను.

ఒక మధ్యాహ్నం గాలి మితిమీరి రేవు మూసేశారు.
వేళ కాని వేళ తలుపు తీస్తే
బర్రు, బర్రు...
నన్ను చూసి చటుక్కున ఆగి
ఏ పాపం ఎరగని మొహంతో పంజా నాక్కుంటోంది.
కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిని విన్నాం.
ఇది నా కళ్ళు లేని వేళ కనిపెట్టి తాగుతోంది.
నేను నేర్పింది గీకొద్దని కాదు,
నిబాల్దో ఇంట్లో ఉండగా గీకొద్దని.

చెదిరిన జుట్టు సర్దుకోడానికి చెయ్యెత్తాను.
ఒక్క దూకున అలమార కిందికి.

అప్పుడే, బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటున్న దానిత్సా,
తొమ్మిదేళ్ళది,
నోట్లో వేళ్ళు గబుక్కున తీసి
బల్ల కింద దాచుకుంది.
ఆ వేళ్ళకి చేదు మందు పూసింది నేనే,
రాత్రిళ్ళు చేతులకి మేజోళ్ళు తొడిగిందీ నేనే.
అలమార కింద రెండు కళ్ళు, బల్ల కింద పది వేళ్ళు.
ఈ ఇంట్లో నాకు జడవనిది గాలి ఒక్కటే.

పశువుల డాక్టరు యాస్నా నవ్వలేదు, మందలించలేదు.
"గోళ్ళున్నది గీకడానికే. ఎక్కడ గీకాలో చూపించు."
అరిగిన మోకు తెచ్చి లెంగా దుంగకి బిగించి చుట్టాను,
బట్టల మిషన్ పక్కన నిలబెట్టాను.
మూడు రోజులు అటు తోకైనా తిప్పలేదు.
"అది నిద్రలేచేది అక్కడా?" అని ఫోన్లో అడిగిందావిడ.
ఈడ్చుకొచ్చి సోఫాకి ఆనించాను.
చిరిగిన చెయ్యి కంటే వికారంగా ఉంది.
మోకు గీకితే ఎండు చేప తునక.
సోఫా గీకితే ఏమీ లేదు, మాట కూడా.

మిగిలిన మోకు కొస దానిత్సా చేతికిచ్చి
ముడి వెయ్యడం నేర్పాను.
వేసింది. విప్పలేకపోయింది.
పట్టు దొరకడానికి గోళ్ళేవి?
"నాన్నా, విప్పాలంటే పెంచాలా?" అంది.
నేనేం అనలేదు. అనకుండా ఉండటం
రేవులో ఎవరూ నేర్పని పని.

ఇప్పటికి రెండు గోళ్ళు తెల్లటి అంచు చూపిస్తున్నాయి.
బొటనవేలి సంగతి అడక్కండి.
సీసా జెరేనియం కుండీలకి పనికొస్తోంది.
చుస్సుమని చప్పుడైతే చాలు
సెనీసా ఇంకా అలమార కిందికే.
అందుకే అది పెరటి గోడెక్కిన వేళ చూసి
పిల్లి అడుగులు వేసుకుంటూ వెళ్ళి
పూలు తడిపి వస్తాను.