నెమలికంఠం రంగు

"సెలవుకొచ్చినాం, పెండ్లికి కాదు" అన్నాడు మద్దిలేటి
కాళ్లకంటిన ఋషికొండ ఇసుక ఇంకా దులపకుండానే.
ఏడాదంతా నంద్యాల బట్టల షోరూంలో
మెడకు టై బిగించుకుని చీరలు పరిచే మనిషి,
ఈ నాలుగు రోజులూ గొంతుకు గాలి కావాలట.
"తినేది నోరు గదా, చొక్కానా?"

నాది ఖాకీ బతుకు.
టికెట్ల సంచి రాసి రాసి భుజం దగ్గర రంగు పోయింది.
నాకు నెమలికంఠం రంగు నప్పుతుందని
డిపోలో ఒక్కరికీ తెలీదు.
అందుకే పాత పేపర్లో చుట్టి, రెండు రైళ్లు మారి
మోసుకొచ్చాను ధర్మవరం చీర.
నోట్లో పిన్నులున్నాయి, జవాబు చెప్పలేదు.

బీచ్ రోడ్డు గాలి ఇద్దరి జుట్టునీ సమానంగానే చెరిపింది.
లోపల అందరికంటే ముస్తాబైనవాడు వెయిటరే.
నల్లకోటు, గొంతు కింద సీతాకోకచిలుక ముడి.
నా చీరకు కుర్చీ లాగాడు. నిక్కరుకూ లాగాడు.
అదే వంపు, అదే నవ్వు.
మద్దిలేటి మోకాళ్లని టేబుల్‌గుడ్డ కింద దాచుకోవడం చూశాను.
వంజరం ముక్క జారి నా కొంగు మీద పడబోతే
అరచేయి అడ్డం పెట్టడమూ చూశాను.

పదకొండు దాటాక ఇసుకలో కూర్చున్నాం.
చీర అంచుకు ఉప్పుతడి.
కొండ మీది లైట్‌హౌస్ వెలుగు వచ్చి పోతోంది.
మురీ మిక్చర్ బండి దగ్గర
వెలిసిన బనీను, లుంగీ, చేతిలో పొట్లం. ఎవరో అనుకున్నా.
"చీర బాగున్నాదక్కా" అన్నాడా వెయిటరు.
"అక్కడ అనకూడదు."

మద్దిలేటి కాస్త జరిగి అతనికి చోటిచ్చాడు.
సంచిలో ఇంకో చీర ఉందని
నేనింకా చెప్పలేదు.