ఆరు కుప్పలు

భాగహారం అని బోర్డు మీద రాశాను.
"మెళ్లో వేసుకునేదా సారూ?" అన్నాడు బజారి.
ఆ నవ్వులోనే సగం పీరియడ్ పోయింది.

చెరిపేసి, జేబులోంచి బుడ్డలు తీశాను.
పుస్తకంలో వేరుశనగ,
కోసిగి పక్క ఈ ఊళ్లో బుడ్డలే.
ఇరవైనాలుగు. లెక్కపెట్టే తెచ్చాను,
దారిలో రెండు తిని, మళ్లీ రెండు కలిపాను.

చాప మీద రెండో తరగతి, ఆరుగురు.
ఉరుకుందమ్మ పంచింది:
నీకొకటి, నీకొకటి, నాకొకటి,
చుట్టు తిరిగొచ్చి మళ్లీ నీకొకటి.
నాలుగు చుట్లకు దోసిలి ఖాళీ.
"తలా ఎన్ని?"
"నాలుగు సార్!"
తలా అనే మాట వాళ్లకు నేను నేర్పలేదు.
జొన్నరొట్టె ఒకటీ పిల్లలు ముగ్గురూ ఉన్న ఇంట్లో
అది పాలపళ్లకంటే ముందే వస్తుంది.

మర్నాడు ఎదురు దిక్కు నుంచి వచ్చాను.
"మనుషుల్ని మర్చిపోండి.
నాలుగేసి కుప్పలు పెట్టండి, ఎన్నవుతాయో చూద్దాం."
హుసేని పెట్టాడు. ఆరు.
"ఇవి నిన్నటివే గదా సారూ?" అన్నాడు,
నేనేదో మోసం చేస్తున్నట్టు.

పుష్యమాసం చలిలో సుగ్గి లారీలు వచ్చాయి.
గుంటూరు వైపు, మిరపకోతకు.
బియ్యం మూటలు, సత్తు గిన్నెలు, కాళ్లు కట్టిన కోడిపెట్ట,
వాటి మధ్య ఇరుక్కుని పిల్లలు.
తెల్లారి చాప మీద నలుగురు.

మళ్లీ ఇరవైనాలుగు బుడ్డలు.
నీకొకటి, నీకొకటి, నాకొకటి...
నలుగురి దగ్గర ఆగలేదు ఉరుకుందమ్మ చెయ్యి.
బజారి కూర్చునే చోట ఒకటి,
నరసమ్మ కూర్చునే చోట, చాప చిరిగిన అంచున, ఒకటి.
"ఎంతమంది ఉన్నారో చూసి పంచాల," అన్నాను.
"చూసే పంచుతాండా సారూ," అంది తలెత్తకుండా.

ఇరవైనాలుగుని నాలుగుతో భాగిస్తే ఆరు.
బోర్డు మీద నేను అదే రాయాలి.
సుద్దముక్క కాసేపు వేళ్ల మధ్య తిప్పి
అన్నం గంట కొట్టమన్నాను.
గుడ్ల లెక్క మాత్రం నలుగురికే రాశాను,
అది పైకి పోయే కాగితం.

మిగిలిన రెండు కుప్పలూ
పాత ప్రశ్నపత్రంలో రెండు పొట్లాలు కట్టి
బీరువాలో పెట్టించింది నా చేత.

ఉగాదికి నాల్రోజుల ముందు బజారి వచ్చాడు.
వేళ్ల చివర్లు ఉబ్బి ఉన్నాయి.
పక్కన కూర్చుంటే హుసేనికి తుమ్ములు.
పొట్లం విప్పితే ఒకటి పుచ్చిపోయింది.
తనకొకటి, ఉరుకుందమ్మకొకటి,
మూడోది పట్టుకుని చాప చిరిగిన వైపు చూసి
జేబులో వేసుకున్నాడు.

నరసమ్మ ఊళ్లోకి వచ్చింది, బడికి రాలేదు.
"యాడ సారూ, చంటోన్ని ఎవురు ఎత్తుకుంటారు?"
అంది వాళ్లమ్మ, బిందె దించకుండానే.

జూన్‌లో మూడో తరగతికి శేషం చెప్పాలి.
సులువైన పాఠమే. పంచగా మిగిలేది.
బీరువా తాళంచెవి నా దగ్గరే ఉంది.