ఇతర కోతలు

డిసెంబరు జీతాల పట్టీలో
ఒక కొత్త గడి తెరిచాను.
పూర్తి పేరు పట్టక
"ఇతర కోతలు" అని వదిలేశాను.

అంబత్తూరు ఎస్టేటులో ఆ వారమంతా వాన.
గేటు దగ్గరి రిజిస్టరు చెమ్మకి ఉబ్బి
ఎవరి సంతకమూ ఎవరిదీ కాకుండా పోయింది.
నోటీసు బోర్డు మీద నివేదిత మేడం అంటించింది:
గాయపడిన సైనికుల కోసం ఒక రోజు జీతం.
ఇష్టం లేనివాళ్లు నా దగ్గరికొచ్చి రాసివ్వాలట.
ఒక్కరూ రాలేదు.
వద్దనడానికి కూడా వరుసలో నిలబడాలంటే
రెండు సైరన్ల మధ్య ఎవరికి తీరిక?

అంకెల్లో మనుషులు కనపడటం నాకొక జబ్బు.
పెయింట్ షాపు సెల్వి, నాలుగు వందల ఎనభై రెండు.
వాళ్ల పాప ట్యూషన్ ఫీజుకి పద్దెనిమిది తక్కువ.
స్టోర్సు యాకూబ్ రెండు రోజులది పట్టుకోమన్నాడు.
ఎందుకంటే, "రాసుకోమ్మా" అన్నాడు, అంతే.
జనరల్ మేనేజరుదీ ఒక రోజే.
ఒక రోజు అందరికీ ఒకే పొడుగు కాదని
నా కాలిక్యులేటరుకి తెలుసు, పైకి అనదు.

శుక్రవారం ఆయన వచ్చారు.
హవల్దార్ తనికాచలం, వేలూరు అవతల ఏదో ఊరు.
ఎడమ మోకాలి కింద నల్లటి గొట్టం,
దాని చివర కూడా పాలిష్ పెట్టిన బూటు.
మీటింగ్ హాలు మూడో అంతస్తు.
లిఫ్టు మీద "మరమ్మతులో ఉంది" కాగితం
జూన్ నుంచీ ఉంది.
యాభై నాలుగు మెట్లు.
మేమంతా వెనకే ఎక్కాం,
రాని ఆయాసం మర్యాదకి తెచ్చుకుంటూ.

తలుపంత చెక్కు అట్టతో చేయించారు.
ఫొటోకి ఆయన దాన్ని పట్టుకుంటే
కాలు కనిపించలేదు.
"కొంచెం పైకెత్తండి సార్, కాలు పడాలి"
అంది నివేదిత.
ఎత్తారు.
ఈసారి మొహం కనిపించలేదు.

యుద్ధం గురించి రెండు మాటలు చెప్పమన్నారు.
"మంచు" అన్నారు.
కాసేపాగి, "చాలా మంచు."
కూర్చున్నారు.
చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

టీలు పంచుతున్నది చెంగల్రాయుడు.
నగరి మనిషి, ఒకప్పుడు ప్రెస్ షాపు.
ట్రే కింద కుడిచెయ్యి, మూడు వేళ్లు,
మిగతా రెండు చోట్లా నున్నటి ముడులు.
హవల్దార్ కప్పు అందుకోలేదు. ఆ చెయ్యి చూశారు.
"ఏ సెక్టారు?"
"మూడో షిఫ్టు సార్. ఎనభై టన్నుల ప్రెస్సు."
"ఎన్నింటికి?"
"తెల్లారుజామున, మూడూ ఇరవై."
"నాదీ ఇంచుమించు అప్పుడే" అన్నారాయన.

ట్రే బల్ల మీద పెట్టించి
మూడు వేళ్లనీ తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు.
టీ మీద మీగడ కట్టేదాకా వదల్లేదు.
"నీకేమిచ్చారు?"
చెంగల్రాయుడు మా వైపు చూశాడు.
మేం చెక్కు వైపు చూశాం.
"ఈ ట్రే ఇచ్చారు సార్" అన్నాడు,
అందులో వెటకారం ఏమీ లేదు, అదే బాధ.

ఆ ఫైలు నాకు తెలుసు.
తప్పు ఆపరేటరుదేనన్న కాగితం మీద
సాక్షి సంతకం నాది.
సెన్సారు పనిచెయ్యట్లేదు, చూడండి అని
అంతకు పది రోజుల ముందు
ఐదు వేళ్లతో అతను రాసిచ్చిన చీటీ
నా కింది సొరుగులో ఉంది.
గుండ్రటి అక్షరాలు. కింద గీత కూడా గీశాడు.

సాయంత్రం పట్టీ సరిచూస్తుంటే
అతని వరుసలోనూ ఉంది కోత,
మూడు వందల తొంభై ఒకటి.
కొట్టేద్దామని పెన్ను తీశాను.
పొద్దున పట్టుబట్టి ఇచ్చింది అతనే,
కొట్టేయడానికి నేనెవర్ని?

అట్ట చెక్కు బ్యాంకులో తీసుకోరు కదా,
నా బీరువా వెనక తోశారు.
సోమవారం పొద్దున్నే
ఆ చీటీని జెరాక్సు తీయించాను, రెండు కాపీలు.
ఒకటి చెంగల్రాయుడికి.
రెండోది ఎవరికివ్వాలో కూడా తెలుసు.
జీతాలు పడనీ,
అనుకుంటున్నాను,
ముందు నా జీతం కూడా పడనీ.