వొస్తది గని

ఆబిడ్సు ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట
పదిహేను రూపాయలకు కొన్న పుస్తకం.
అట్ట లేదు, మొదటి పాఠం లేదు,
లోపలి పేజీల అడుగున సన్నటి అచ్చుల ఎస్పెరాంతో అని ఉన్నది.
ఎవలకూ సొంతూరు కాని భాష.
పుట్టపాకల దాన్ని చదివేటోణ్ణి నేనొక్కణ్ణే
అందుకే ఊర్లె నా తప్పులు గుడ ఒప్పులే.

ఇరవై మూడో పేజీల ఒక మాట కాడ
మూడు రోజులు ఆగిపోయిన.
స్త్సిపోవాస్.
స, త, మళ్లా స,
పోగు మీద పోగెక్కినట్టు
నాలుక చిక్కువడ్డది.
విప్పి చూస్తె రెండు ముక్కలు:
పని ఎరికై ఉండుడు ఒకటి
పని చెయ్య గలుగుడు ఒకటి
రెండిట్ని కలిపి మెలేసిన అతుకు.

ఆసు ముందర కూసున్న మా వదిన అండాలుతోని
ఆ మాట అనిపిచ్చిన.
పోగు వేలును కోసినప్పుడు ఆమె చేసే చప్పుడే అది,
"స్త్స్" అని ఒక్క పెట్టున పలికి
మేకుల మీదికి చెయ్యి మళ్లిచ్చింది.
ఒక్క చీరెకు తొమ్మిది వేల సార్లు
అటు పోయి ఇటు వొచ్చే చెయ్యి.
వదినా, నీకేమేం పనులొస్తయి అంటె
"నాకేమొస్తయి మార్కండా, ఏం రావు" అన్నది
చెయ్యి ఆపకుండ, లెక్క తప్పకుండ.

అడిగింది నేను కాదు అసలు.
హంగేరీల ఇల్దికో అనే ఆమె
పాత తివాచీలకు మాట్లేస్తదట,
నీకేం పని వచ్చు అని ఉత్తరంల అడిగింది.
ఆమె భాషల ముందుగాల "నేను" నిలవడాలె,
పనిని చెయ్యి పట్టి గుంజుకరావాలె.
మన తాన గట్ల కాదు,
మన తాన పనే నడుసుకుంట వొస్తది.
ఈత వొస్తది, ఆసు వొస్తది, మగ్గం వొస్తది,
తలుపు తీసి పెట్టుకోని ఉండాలె అంతే.
రాకుంటె పిలవాలె.
మా నాయిన నాడెతోని నా వేళ్ల మీద కొట్టి పిలిచిండు,
ఎనిమిదో యేట వొచ్చింది.

వొచ్చింది మళ్లా పోలేదు.
పోయినయి మోకాళ్లు.
బోరు నీళ్లు తాగి తాగి
ఎముకలు లోపట్నే సున్నం గోడలైనయి.
గుంట మగ్గంల కాళ్లు దించితె మడతవడవు,
పడితె ఇద్దరు లేపాలె.
ఆ సంగతి చెప్పనీకి ఇన్నేండ్లు నా నోట్ల
రెండే మాటలు ఉండె,
చాతకాదు. నాతోని కాదు.
రెండూ పనికిరానోడు తల దించుకోని అనే మాటలే.

మి స్త్సిపోవాస్, సెద్ మి నె పోవాస్.
ఎరిక నాదే. ఒంగనిది కాలు.
ఎక్కడి భాషనో వొచ్చి
నన్నూ నా మోకాలినీ ఏరు పెట్టింది.
పెన్ను కింద పెట్టి
వాకిట్ల ఆరేసిన పోగుల దిక్కు
జరసేపు చూసుకుంట కూసున్న.
నూనె పట్టిన రుమాలు నూలు వాసన
ఇప్పటికీ చేతులను పేరు వెట్టి పిలుస్తది.

ఉత్తరంల మాత్రం గట్ల రాయలే.
తప్పని తెలిసి తెలిసి
మన తీరుగనే రాసిన:
తెక్సాదో వేనాస్ అల్ మి.
నేత నా తానకు వొస్తది.

నలభై రోజులకు జవాబొచ్చింది.
నా వాక్యం కింద ఎర్ర పెన్సిల్ గీత.
కొట్టెయ్యలే. దిద్దలే.
పక్కన సన్నగ రెండు మాటలు:
దె కీయె?
ఎక్కడి నుంచి?

అటు వదిన ఆరు వేల చిల్లర కాడ ఉన్నది.
లెక్క నడుమ పలకరియ్యొద్దు.